బుట్టబొమ్మల మొగుడూ పెళ్లాం

అప్పలసూరి పొద్దున్నే ఎడమ రొమ్ము రాసుకుంటూ కూర్చుంటే జగ్గమ్మ చెప్పనే చెప్పింది. "మావా, ఈయేడు నువ్వు మానెయ్. మగబొమ్మని నీ తమ్ముడు గోవింద్ ఎత్తుకుంటాడు."

"ఆడు డప్పు కొడతాడా, బొమ్మ ఎత్తుతాడా? పెళ్లికూతురొకర్తే ఈదిలో తిరిగితే అమ్మోరు నవ్వదేటే? గేస్సులే. సోడా తాగితే దిగిపోతాది."

మొగుడి మాట కాదనలేక ఆమె ఆడబొమ్మలోకి దూరింది. బుట్టబొమ్మంటే మాటలా! మనిషిని మింగేసే వెదురుబుట్ట, దానిమీద కాగంత తల, చుట్టూ చీర. బరువంతా భుజాల మీద, చేతులు లోపలి బద్దల మీద. జారకుండా వెనక తాళ్లు బిగిస్తారు. ఇంకొకరు విప్పితేగాని బయటపడలేరు. చూపుకి బొమ్మ బొడ్డు దగ్గర చిన్న కంత, అంతే.

పాతపట్నం వీధిలో పండగ ఊరేగింపు, మిట్టమధ్యాహ్నపుటెండ. కంతలోంచి జగ్గమ్మ చూస్తుండగానే మగబొమ్మ పక్కకి ఒరిగింది. నిలదొక్కుకుంది. మళ్లీ ఒరిగింది. మొగుడి అడుగు ఆమెకి తెలీదూ? అది ఆట కాదు.

"గోవిందూ, డప్పాపు. మావకి బాగులేదు" అని అరిచింది. ఆ మోతలో ఎవరికి వినబడాలి! బొమ్మతో సహా పోయి మరిదిని గుద్దింది. జనం ఈలలు వేశారు. ఆ రెండు బొమ్మలూ ఆలుమగల్లా కొట్టుకోవడమే కదా ఏటేటా ఆ ఊరికి వేడుక.

"తాగొచ్చినాడే నీ మొగుడు, రెండు తన్నవే" అంది అరుగు మీద మరిడమ్మ, చంటిదాన్ని చంకనేసుకుని.

గోవింద్ కూడా నవ్వి దరువు పెంచాడు.

పడిపోకుండా తన బుట్టని మగబొమ్మకి ఆనించింది జగ్గమ్మ. లోపలి ఊపిరి కొలిమితిత్తిలా వినబడుతోంది.

"మావా, కూకో. మెల్లగా కూకో."

"తాడు... ఇప్పే."

విప్పడానికి ఆమెకి చేతులేవీ? బయట బొమ్మకున్నాయి రెండు, మోచేతిదాకా గాజులతో, కదలనివి.

మగబొమ్మ వెల్లకిలా పడ్డాక గాని డప్పు ఆగలేదు. గోవింద్ ఏడుస్తూ బొమ్మని పక్కకి దొర్లించి తాళ్లు కోశాడు. ఎవరో ఆటో తెచ్చారు. కంతలోంచి జగ్గమ్మకి మనుషుల వీపులే కనబడ్డాయి.

"ఊపిరున్నాదేటిరా? గోవిందూ, సెప్పరా."

అన్నదమ్ములతో ఆటో కదిలిపోయింది. జనం దాని వెనకే పరుగెత్తారు. "నన్నిప్పండర్రా" అంటూ ఆమె వీధిలో అటూ ఇటూ తిరిగింది.

అరుగు మీద చంటిది ఏడుపందుకుంది. మరిడమ్మ దాన్ని ఊరుకోబెడుతూ వేలు చూపించింది.

"అదిగో సూడమ్మా, పెళ్లికూతురు ఇంకా ఆడతన్నాది."