పెట్టి నల్లా మూడు

మా మామగారు కామేశంగారిది సౌకార్‌పేటలో ఏలకులు, లవంగాల టోకు వ్యాపారం. ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై అయిన ఏడు ఆయన ఒక పాత పికప్ బండి కొన్నారు. నడిపేది మా ఆయన వెంకట్రామ్. పక్కన కూర్చుని ఏ కొట్టుకు ఏ బస్తా దించాలో చూసేది నేను. ముందు సీటులో మూడో మనిషికి సుబ్బరంగా చోటుంది. అయినా మామగారు అక్కడ కూర్చోరు. ఆయన చోటు వెనక తొట్టిలో, ఏలకుల బస్తాల మీద, గొడుగు వేసుకుని.

దానికో కారణం ఉంది. ఒకసారి పెరంబూరు సిగ్నల్ దగ్గర బండి ఆగి కదిలేలోపు ఏలకుల బస్తా ఒకటి మాయమైంది. ఆ మర్నాటి నుంచి ఆయనే కాపలా. మలుపు వస్తే చాలు, క్యాబిన్ టాపు మీద దబదబా బాది కేకేసేవారు.

"మెల్లగా పోరా, సరుకు ఉండాది!"

బజారంతా మమ్మల్ని చూసి నవ్వేది. "స్వామి ఊరేగింపు వచ్చింది, కొబ్బరికాయలు తెండి" అని పసుపు కొట్టు వాళ్లు రోజూ అనేవాళ్లు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందు సీటులో కిందికి జారిపోయేదాన్ని. సిగ్గుతో అనుకునేరు, నవ్వాపుకోలేక.

ఎలిఫెంట్ గేట్ బ్రిడ్జి మీద ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. సైకిల్ రిక్షా ఒకటి అడ్డం వస్తే మా ఆయన బ్రేకు తొక్కారు. వెనక దభీమని చప్పుడు. దిగి పరుగెత్తి చూస్తే మామగారు బస్తాల సందులో వెల్లకిలా పడి ఉన్నారు, గొడుగు మాత్రం వదల్లేదు.

"బస్తాలు సరిగ్గా ఉండాయా అమ్మాయ్?" అన్నారు పడుకునే.

ఒళ్లు మండిపోయింది నాకు. ఆయనంటే నాకు ప్రాణం, అందుకే అంత కోపం. రాత్రి వడ్డిస్తూ అనేశాను.

"మామా, మీరు ముందుకొచ్చి కూర్చుంటేనే నేను బండెక్కేది. లేకపోతే మీ ఏలకులూ మీరూ ఊరేగండి."

"మరి సరుకు?"

"ఇనప పెట్టె చేయించి తొట్టిలో బిగిద్దాం. తాళం వేసుకుందాం."

ఆయన మజ్జిగన్నం కలుపుకుంటూ, "సరి, అట్నే కానీ" అన్నారు. నా మాట ఇంత తేలిగ్గా నెగ్గినందుకు నాకే అనుమానం వచ్చింది.

చూలైలో వెల్డింగ్ షెడ్డు కొత్తగా పెట్టిన మునిరత్నం దగ్గరికి వెళ్లాం. మా ఇంట్లో తరతరాలుగా తెలుగే అయినా, షెడ్డుల్లో పనివాళ్లంతా తమిళులేనని మామగారి నమ్మకం. అందుకని దిగగానే తమిళం ఎత్తుకున్నారు. కొలత చేతులు చాపి చూపించారు. నడుముకున్న కొట్టు తాళం తీసి, ఇలాంటిది పట్టాలని ఊపి చూపించారు. ఇంత చెబుతున్నా చూపు మాత్రం బండిలో సరుకు మీదే. చివరికి మూత సందు లేకుండా పడాలని గట్టిగా చెప్పారు.

"పెట్టి నల్లా మూడు! నల్లా మూడు! పురింజుదా?"

పెట్టెను బాగా మూసెయ్యాలి, అర్థమైందా అని దాని అర్థం.

"ఆమా సార్, ఆమా" అని, అవునంటూ మునిరత్నం మూడు వేళ్లు పైకెత్తాడు. మామగారి వీపు అటుంది కాబట్టి ఆ వేళ్లు చూసింది నేనే. మూడు రోజుల్లో ఇస్తాడు కాబోలనుకుని నేనూ తల ఊపాను. సరుకు రిక్షాలోకి మార్చి, బండి అక్కడే వదిలేసి వచ్చాం.

నాలుగో రోజు షెడ్డు ముందు మా బండిని చూసి మా ఆయన, "ఎవరిదో ఇల్లు మారుస్తున్నట్టున్నారు" అన్నారు. తొట్టి నిండా ఒకదాని పక్కన ఒకటి మూడు పెట్టెలు, బీరువాల్లాగా నిలబడి ఉన్నాయి. నిగనిగలాడే నల్ల రంగు. పైన వాన నీళ్లు జారిపోయేట్టు ఏటవాలు కప్పు. ఒక్కో తలుపుకీ ఒక్కో తాళం.

"ఎన్నయ్యా ఇదు?" అని మామగారు తమిళంలోనే గావుకేక పెట్టారు, ఇదేమిటయ్యా అని.

మునిరత్నం మొహం పాలిపోయింది. చేతులు నలుపుకుంటూ తనలో తాను గొణుక్కున్నాడు. "ఓరి నాయనో! పెట్టి నల్లా మూడు అని నోరు నొప్పెట్టేట్టు చెప్పింది ఈయనే గదా. నల్లంగా కొట్టా, మూడు చేశా. పడుకోబెడితే పట్టవని నిలబెట్టా. ఇంకేం చెయ్యాలా?"

మామగారు గిర్రున అతని వైపు తిరిగారు.

"రేయ్, నువ్వు తెలుగోడివా?"

"మీరు తెలుగోళ్లా?" అన్నాడు మునిరత్నం, ఇంకా పెద్ద గొంతుతో. "కావలి నించి వచ్చి రెండు నెల్లయిందయ్యా. అరవం రాదంటే బేరం పోతాదని అన్నిటికీ ఆమా అంటా ఉండా!"

ముందు మా ఆయన నవ్వారు. తర్వాత నేను చక్రం పట్టుకుని నేల మీద కూలబడ్డాను. మునిరత్నం కళ్లు తుడుచుకుంటూ "నల్లా మూడు, నల్లా మూడు" అని పలవరించడం మొదలుపెట్టాడు. నవ్వనిది మామగారు ఒక్కరే.

"ఒకటి ఉంచి రెండు పీకెయ్. నేనాడ కూర్చోవాల గదా."

నా నవ్వు ఆగిపోయింది. "ఎక్కడ కూర్చోవాలి మామా?"

"పెట్టె మీద. సరుక్కి తాళం కాపలా, సరే. తాళానికి కాపలా ఎవురు?"

ఆ రాత్రి అంత సులువుగా సరేనన్నది ఇందుకన్నమాట!

"పీకేది కుదర్దయ్యా," అన్నాడు మునిరత్నం. "మూడూ కలిపి అడుగు చట్రానికి వెల్డింగ్ కొట్టా. పీకితే తొట్టి కూడా ఊడొస్తాది."

మామగారు ఒప్పుకునే రకమా? స్టూలు తెప్పించి, గొడుగు విప్పి, పెట్టెల కప్పెక్కి దర్జాగా కూర్చున్నారు. కూర్చున్నవారు కూర్చున్నట్టే, గొడుగు వంగకుండా, మెల్లగా జారుతూ వచ్చి మా ఆయన చేతుల్లోనూ మునిరత్నం చేతుల్లోనూ దిగారు. మళ్లీ ఎక్కారు. మళ్లీ జారారు. రెండోసారి ఆయనకే కిసుక్కున నవ్వొచ్చింది. ఇక ఆగలేదు, పొట్ట పట్టుకుని దగ్గొచ్చేదాకా నవ్వారు.

అదే అదను నాకు. ఆయన రిక్షాలో వచ్చేలోపు కొట్టు దగ్గర బస్తాలన్నీ పెట్టెల్లోకి ఎక్కించి, మూడు తాళాలూ వేసి, రాగానే తాళంచెవుల గుత్తి ఆయన గుప్పిట్లో పెట్టాను.

"తాళాలకు ఇవి కాపలా. వీటికి మీరు కాపలా. ఎండలో పోగొట్టుకోకండి, లోపల కూర్చోండి."

ఆయన గుత్తిని చూశారు, నన్ను చూశారు, తొట్టిలో వేలు పట్టే సందు కూడా లేకపోవడం చూశారు. గొణుక్కుంటూ ముందు సీటెక్కి కిటికీ పక్కన కూర్చున్నారు.

బండి బజారు మలుపు తిరిగింది. ఆయన చిన్నగా అన్నారు.

"రేయ్ వెంకట్రామూ, వీధి ఎదురొస్తా ఉండాదిరా. ఆడ కూర్చుంటే అంతా వెనక్కే పోతా ఉండె."

అక్కణ్ణించి ఇక పట్టపగ్గాలు లేవు. కొత్త బోర్డులన్నీ పైకి చదివారు. పసుపు కొట్టు వాళ్లకు చెయ్యూపారు. హారను తానే కొడతానని పేచీ పెట్టి రెండుసార్లు కొట్టారు కూడా. నవ్వీ నవ్వీ నా పక్కటెముకలు నొప్పి పుట్టాయి.

బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. తొంగి చూస్తే నిద్రపోతున్నారు. తల కిటికీకి ఆనించి, నోరు కొద్దిగా తెరుచుకుని, తాళంచెవులు గుప్పిట్లో బిగించి. ఆయన బండిలో కునుకు తీయడం నేనెప్పుడూ చూడలేదు. నాకు కళ్లు చెమర్చాయి.

ముందు మళ్లీ ఒక సైకిల్ రిక్షా. నేను మా ఆయన చేతి మీద తట్టాను.

"మెల్లగా పోనీండి," అన్నాను. "సరుకు ఉండాది."