గంగాలమ్మ కేక

పొద్దున్నే కంచరపాలెం ఆడవాళ్లు కళ్లాపి చల్లి, గుమ్మం ముందు వేలాడుతున్న గంగాలమ్మ కేకని చీపురుతో పక్కకి తోసి, ముగ్గేసుకునేవారు. ఎండుచేపలమ్మే గంగాలమ్మ కేక తీరే అంత. "నెత్తళ్లో... ఎండు నెత్తళ్లో!" అని ఒకసారి అరిచి ముందుకెళ్లిపోతే, ఎవరో ఒకరు పలికేదాకా ఆ కేక అక్కడే మోగుతూ ఉంటుంది. పలికితే వెనక్కొచ్చి, ఎవరు పిలిచారో ఆవిడకి చెబుతుంది. పరీక్షలకి చదివే పిల్లలు చెవుల్లో దూది పెట్టుకునేవారు, పాపం.

రెండువేల ఏడులో ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. బస్సెక్కి కూర్మన్నపాలెం స్టీలుప్లాంటు క్వార్టర్లకెళ్లి అమ్మడం మానేసింది. తర్వాత సొంత వీధి కూడా తిరగలేకపోయింది. పద్మనాభంలో ఉండే తమ్ముడు తాతబాబు కబురెట్టాడు.

"ఇంకెందుకప్పా ఈ యాతన? ఆదివారం బండేసుకొత్తాను. మా ఇంట్లో ఇంత తిని కూకో."

"ఒకలి పంచలో కూకుని తినడానికా నాను పుట్టింది?" అని గంగాలమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏడుపుకన్నా కోపమే ఎక్కువ.

రైల్వే గేటు దగ్గర రోజారమణి నెట్ సెంటరుంది. "వ్యాపారస్తులకు బ్లాగు నేర్పబడును" అని బోర్డు పెట్టింది. గంగాలమ్మ కుంటుకుంటూ వెళ్లి, కీబోర్డుకి నాలుగు మూలలా పసుపురాసి, సీపీయూ నెత్తిన కొబ్బరికాయ కొట్టబోయింది. రోజారమణి పరుగున వచ్చి కాయ లాక్కుంది.

"ఏం రాయమంటావ్ పిన్నీ?"

"రాయి. శ్రీరస్తు, శుభమస్తు. గౌరవనీయులైన ఖాతాదారులకు గంగాలమ్మ నమస్కరించి..."

ఆ మాట చెప్పని వ్యాపారస్తుడు లేడు. బ్యాండుమేళం నడిపే గురువులనే ఆయన కూడా అలాగే మొదలెట్టి, బంధుమిత్రసపరివారంగా అని ముగించాడు. అచ్చులో పడేది శుభలేఖలాగే ఉండాలని మనవాళ్ల నమ్మకం, ఏం చేస్తాం!

"అలా ఎవరూ చదవరు పిన్నీ. నీ మాటల్లో చెప్పు," అంటుంది రోజారమణి.

"రాతంటే మరియాద ఉండొద్దేటే?" అంటుంది గంగాలమ్మ.

రోజూ వెళ్లింది, రోజూ అదే గొడవ. శ్రీరస్తులు పేరుకుపోయాయి, ఒక్కరూ పలకలేదు. శనివారం రానే వచ్చింది.

రోజారమణికి ఒళ్లు మండింది. "గుమ్మం ముందు నిలబడి శ్రీరస్తు అనేదానివా? అక్కడేమనేదానివో అదే అను. నేను కొడతాను."

గంగాలమ్మ కొంగు బిగించి తెరవైపు తిరిగింది. "రొయ్యపొట్టు ఇంకా ఆరలేదు, ఇయ్యాల కొనకండి. నెత్తళ్లు బాగున్నాయి. వంకాయలో ఎయ్యండి, టమాటాలో ఎయ్యకండి," అంది. అన్నది అన్నట్టే రోజారమణి కొట్టింది. అప్పుడు గంగాలమ్మ బల్ల పట్టుకుని లేచి నిలబడి, గుండెలనిండా గాలి పీల్చి అరిచింది.

"నెత్తళ్లో... ఎండు నెత్తళ్లో!"

కేక తెరలోకి దూరి, రాసిన మాటల పక్కన వేలాడింది. అది జారిపోకముందే రోజారమణి మౌస్ నొక్కి బ్లాగులోకి ఎక్కించేసింది.

ఆదివారం తాతబాబు తన సామాన్ల ఆటోలో వచ్చాడు. మంచం, పొయ్యి, బిందెలు ఎక్కించేశాడు. గంగాలమ్మ ఖాళీ ఇంట్లో నేలమీద కూర్చుంది.

అప్పుడు వెనక్కొచ్చింది ఆవిడ కేక ఒకటి, స్టీలుప్లాంటు దుమ్ము కొట్టుకుని, బొంగురుగా. దాని వెనకాలే గోదావరి యాసలో ఓ ఆడగొంతు. "ఏమ్మా గంగాలమ్మా, ఉన్నావా అసలు? ఆఫీసులో మా ఆయన కంప్యూటరు తెరిస్తే నీ అరుపేనంట! నాకు నెత్తళ్లు కావాలి."

వెనకాల ఇంకోటి. ఇంకోటి. కిటికీ పట్టక గోడ మీంచి దూకి వచ్చాయి.

గంగాలమ్మ గోడ పట్టుకుని లేచింది.

"ఒరే తాతబాబూ! మంచం దింపు. బుట్టలెక్కించు."

"అదేటప్పా? పద్మనాభం ఎల్లొద్దేటి?"

"కూర్మన్నపాలెం పోనీ," అని గంగాలమ్మ ముందుసీట్లో ఎక్కి కూర్చుంది. "ఎవులింటికో నాను సెప్తాను. మెట్లు నువ్వెక్కు."