ఇంకో రోజు ఉండి రా

ఓలెసున్‌కి ఒక్కదాన్నే వెళ్తానని చెప్పడానికి నేను చాలా రోజులు సన్నాహం చేసుకున్నాను. మా ఆయన తోర్గేర్ ఏమడిగితే ఏం చెప్పాలో అంతా మనసులో వల్లె వేసుకున్నాను. ఈస్టర్ వస్తోంది, ఊరంతా మంచు కొండల మీదికి పోతుంటే నువ్వు సముద్రానికి పోవడమేమిటి అంటాడు. పండక్కి ముందు వారమే వెళ్లి వచ్చేస్తానని చెప్పాలి. ఈ కాలంలో అక్కడ వాన తప్ప ఏముంటుంది అంటాడు. నాకు వానంటే ఇష్టమని చెప్పాలి. ఒక్కదానివే ఎందుకంటాడు. దానికి మాత్రం సరైన జవాబు దొరకలేదు. అప్పుడు గొంతు పెంచుదాం అనుకున్నాను.

సాయంత్రం భోజనం దగ్గర, ఉడికిన బంగాళాదుంపకి తొక్క తీస్తూ, మాట బయటపెట్టాను. తోర్గేర్ ఒంటికాలి మీద లేస్తాడని ఎదురుచూశాను.

"మంచిదే, వెళ్లిరా. ఆ ఉప్పు ఇటివ్వు," అన్నాడు.

పాలు తెచ్చుకొస్తానన్నా ఎందుకు, ఎంతసేపు, అక్కడెవరున్నారు అని మూడు ప్రశ్నలు వేసే మనిషి. నలభై ఏళ్లు ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. రోడ్డు మీద ఎవరు ఎటు పోతున్నారో తెలియకపోతే ఆయనకి నిద్ర పట్టదు. అలాంటివాడు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బల్ల కింద మా ముసలి కుక్క బామ్సె నా కాలి మీద తలపెట్టి పడుకుని ఉంది. దానికైనా ఆశ్చర్యం వేసిందేమోనని వంగి చూశాను.

నేనెందుకు వెళ్లాలనుకున్నానో చెప్తాను, దాచడానికి ఏమీ లేదు. నా ఉన్ని మేజోళ్లెక్కడ అని ఎవరూ అడగని చోట మూడు రోజులు ఉండాలి. కాలవ ఒడ్డున బురుజుల ఇళ్లు కనిపించే కిటికీ పక్కన కూచోవాలి. ఎండబెట్టిన చేపతో టమాటా వేసి వండే బకలావ్ తినాలి, దాన్ని వేరేవాళ్లు వండాలి. ఊరి మీది కొండ మెట్లు నాకు తోచినంత నెమ్మదిగా ఎక్కాలి. అంతే.

ఆ మర్నాటి నుంచి వంటింటి బల్ల మీద ప్రయాణం పరుచుకున్నాను. మా ఊళ్లో రైలెక్కితే లోయ వెంట దిగి ఓందల్స్‌నెస్, అక్కడి నుంచి బస్సు. నేను ఒకటి అనుకునేలోపు తోర్గేర్ రెండు చేసి పెడుతున్నాడు. అటక మీద నుంచి సంచి దింపి దుమ్ము దులిపాడు. వానకోటు జిప్పుకి మైనం రాశాడు. రైల్లో ఏ వైపు కూచుంటే జలపాతం కనిపిస్తుందో చెప్పాడు. బామ్సె నేను పెడితే తప్ప తినదు, దాని సంగతేమిటి అన్నాను.

"దాని సంగతి నేను చూసుకుంటాలే," అన్నాడు సంచి పట్టీ సరిచేస్తూ. పట్టీ బిగించి, "ఇంత దూరం పోయి మూడు రోజులేం చూస్తావోయ్? ఇంకో రోజు ఉండి రా," అన్నాడు.

ఆ మాట దగ్గరే నా మనసులో పురుగు దూరింది. వెళ్లమనడం వేరు, ఇప్పుడిప్పుడే రావద్దనడం వేరు.

మా చెల్లెలు యోరున్‌కి ఫోన్ చేశాను. చేయకుండా ఉండాల్సింది. మా దేశంలో ఈస్టర్ అంటే నారింజపళ్లు, చాక్లెట్టు, హత్యలు. అందరూ నేరాల నవలలు ముందేసుకుని కూచుంటారు, ఆఖరికి పాల డబ్బా మీద కూడా ఎవరు చంపారో కనుక్కోమని బొమ్మల కథ వేస్తారు. యోరున్ అప్పటికే మూడో నవలలో ఉంది.

"అక్కా, మొగుడు ఇల్లు ఖాళీ చేయిస్తున్నాడంటే రెండే కారణాలు," అంది. "ఒకటి, ఆడది. రెండు, శవం."

"శవమెవరిదే?"

"అదే కదా. నువ్వు శుభ్రంగా బతికే ఉన్నావ్. కాబట్టి ఆడదే."

"అరవై ఏడేళ్లవాడికి ఆడదేమిటే, నీ మొహం."

"నీ పక్కింటి గున్‌వోర్ పెరట్లో వేడినీళ్ల తొట్టి కట్టించుకుని ఎన్నాళ్లయింది?"

ఫోన్ పెట్టేశాను. కానీ గున్‌వోర్ నా బుర్రలోంచి పోలేదు. మొగుడు పోయాక ఆవిడ పెరట్లో చెక్కతొట్టి కట్టించుకుంది. చలికాలం సాయంత్రాలు అందులో మెడదాకా మునిగి, ఎర్రటోపీ పెట్టుకుని చుక్కలు లెక్కపెడుతుంది.

మర్నాడు వంటింటి కిటికీలోంచి చూస్తే కట్టెల కొట్టం వెనక పొగ. వెళ్లి చూశాను. తోర్గేర్ నేల మీద బొగ్గులు పరిచి, పైన పాత రేకు కప్పి, రేకు చుట్టూ మట్టి సర్దుతున్నాడు. గడ్డకట్టిన నేలని తవ్వాలంటే మా వైపు ముందు అలా వేడిచేసి కరిగిస్తారు.

"ఏం చేస్తున్నావ్?"

"పాత చెత్త కాలుస్తున్నా."

"రేకు కిందా?"

"గాలెక్కువగా ఉంది," అన్నాడు. ఆకు కూడా కదలడం లేదు.

నేల కరిగాక మెత్తబడ్డది తవ్వి, మళ్లీ బొగ్గులు పోస్తున్నాడు. రోజూ నాలుగు వేళ్ల లోతు దిగుతోంది. చెక్కతొట్టికి పునాదే, ఇంకేమిటి. నేను ఓలెసున్‌లో వానలో మెట్లెక్కుతుంటే ఇక్కడ తొట్టి లేస్తుంది, అందులో ఎర్రటోపీ తేలుతుంది. ఈ వయసులో ఆ ఊహ రావడానికే నాకు సిగ్గేసింది, సిగ్గుతో పాటు కడుపు మండింది.

ఫ్రిజ్‌లో పాలడబ్బాల వెనక ఒక పొట్లం దొరికింది. శరత్కాలం వేటలో వాటాకొచ్చిన దుప్పి మాంసం, అందులోనూ వెన్ను పక్కన ఉండే మెత్తటి ముక్క. కొడుకూ మనవలూ వచ్చినప్పుడని దాచింది.

"ఇదెవరికి తీశావ్?"

"నాకే. నువ్వుండవు కదా, ఏదో ఒకటి వేయించుకుంటా."

తోర్గేర్‌కి గుడ్డు వేయించడం రాదు.

ఆ సాయంత్రమే గేటు దగ్గర గున్‌వోర్ కారు ఆగింది. తోర్గేర్, ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. నేను వెళ్లేసరికి ఆపేశారు. గున్‌వోర్ నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది.

"వెళ్తున్నావట కదా హేర్దిస్. మంచిపని చేస్తున్నావ్. ఇక్కడి సంగతి మేం చూసుకుంటాం," అంది. ఆవిడ కళ్లలో నీళ్లు కనిపించాయి.

మేం. ఆ రాత్రంతా నాకు ఆ ఒక్క మాటే.

సోమవారం, నా రైలుకి ముందురోజు, తోర్గేర్ దుకాణానికి వెళ్లగానే బూట్లు తొడుక్కుని కొట్టం వెనక్కి నడిచాను. సాక్ష్యం ముందు పెట్టుకుని కడిగేద్దామని. రేకు పక్కకి లాగాను.

గొయ్యి గుండ్రంగా లేదు. కాస్త పొడుగు, మోకాలి పైదాకా లోతు. అడుగున స్ప్రూస్ చెట్టు కొమ్మలు పరిచి ఉన్నాయి, మా వైపు చావింటి గుమ్మం ముందు పరిచేవే, పచ్చగా, చిన్నచిన్నగా నరికి. పక్కన మడతపెట్టిన గొర్రెతోలు. ఏ తొట్టీ పట్టేంత వెడల్పు లేదు. మనిషి పట్టేంత పొడవూ లేదు.

వెనక మంచులో అడుగుల చప్పుడయింది. బామ్సె. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ, నాలుగడుగులకోసారి ఆగుతూ నా వెంటే వచ్చింది. గుమ్మం మెట్లు దిగడానికి కొన్నాళ్లుగా తోర్గేర్ దాన్ని ఎత్తుకోవలసి వస్తోంది, ఈరోజెలా దిగిందో. గొయ్యి పక్కన కుప్పపోసిన మట్టి ఇంకా వెచ్చగా ఉంది. బామ్సె దాన్ని వాసన చూసి, ఒకసారి చుట్టూ తిరిగి, ఆ వెచ్చటి మట్టి మీద హాయిగా పడుకుంది. అబ్బా అన్నట్టు ఊపిరి వదిలింది.

గొయ్యినీ దాన్నీ మార్చి మార్చి చూశాను. దాని పక్కనే మట్టిలో కూచున్నాను.

దుకాణం నుంచి వచ్చిన తోర్గేర్‌కి మేం అలాగే కనిపించాం. చేతిసంచి కింద పెట్టాడు.

"ఎప్పుడు?" అన్నాను.

"బుధవారం. పశువుల డాక్టరమ్మ ఇంటికే వచ్చి సూది వేస్తానంది, నొప్పి లేకుండా పోతుందట. మందులు ఇక పనిచేయవట."

"నేను సముద్రం చూస్తూ చేపలకూర తింటున్నప్పుడా?"

"అవును."

"గున్‌వోర్‌కి చెప్పావ్, నాకు చెప్పలేదు."

"పోయినేడు వాళ్ల కుక్కకీ ఇదే డాక్టరమ్మ. అందుకని అడిగా."

"ఆ రోజొస్తే నేను చూడలేనని ఎప్పుడో అన్నానని నన్ను మూటగట్టి రైలెక్కిస్తావా? నేనేమన్నా పసిపిల్లనా? దానికి పద్నాలుగేళ్లు అన్నం పెట్టింది నేను."

"నీ కోసం కాదు," అన్నాడు తోర్గేర్.

చేతి తొడుగులు తీసి, మళ్లీ తొడుక్కున్నాడు.

"నువ్వు తట్టుకుంటావ్. ఏడుస్తావ్, నన్ను తిడతావ్, కాఫీ తాగుతావ్. కానిది నావల్లే. నువ్వింట్లో ఉంటే నేను ఏడవలేను హేర్దిస్. నువ్వు ఓలెసున్ అన్నావ్, హమ్మయ్య అనుకున్నా. ఒక్క రోజు సరిపోతుందో లేదోనని ఇంకో రోజు ఉండమన్నా."

మామగారు పోయిన రోజు తోర్గేర్ ఈ కొట్టంలోకే వచ్చి తలుపేసుకున్నాడు. బయటికొచ్చేసరికి ఇంట్లో ఉన్న గొడ్డళ్లన్నీ పదునుపెట్టి ఉన్నాయి. ఏం మనిషివయ్యా, ఈరోజు కూడా పనేనా అని అందరం అన్నాం. ఆ తలుపు వెనక ఏం జరిగిందో ఇన్నేళ్ల తర్వాత నాకు ఇప్పుడు తెలిసింది.

"నేను తొట్టి అనుకున్నాను," అన్నాను.

"ఏం తొట్టి?"

"గున్‌వోర్ తొట్టిలాంటిది. నీకూ ఆవిడకీ."

తోర్గేర్ నా వైపు నోరు తెరుచుకుని చూశాడు. "ఆవిడ తొట్టి ఆవిడకుంది కదా, మళ్లీ ఇక్కడెందుకు?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఆయన వెంటనే మొహం కొట్టం వైపు తిప్పుకున్నాడు.

"నేను ఎక్కడికీ పోవడం లేదు," అన్నాను. "కానీ నీ వైపు చూడను. మాటిస్తున్నా."

బుధవారం వంటింటి నేల మీద గొర్రెతోలు పరిచాం. తోర్గేర్ వెన్నలో వేయించిన దుప్పి మాంసం ఒకవైపు మాడింది, ఒకవైపు ఉడకలేదు. బామ్సె మొత్తం తినేసింది, ఆయన చేతిలోంచే. డాక్టరమ్మ తోర్గేర్ వైపు మోకాళ్ల మీద కూచుంది. నేను ఆయన వీపుకి నా వీపు ఆనించి, గోడవైపు తిరిగి కూచున్నాను. చెయ్యి వెనక్కి చాపితే బామ్సె వెనకకాలు అందింది. దాన్ని పట్టుకున్నాను.

ఎదురుగా గోడకి నా వానకోటు వేలాడుతోంది. దాన్నే చూస్తూ ఉన్నాను. కాసేపటికి నా వీపు వెనక ఆయన వీపు కదలడం మొదలైంది. ముందు కొద్దిగా, తర్వాత ఆపుకోలేనట్టు. డాక్టరమ్మ నెమ్మదిగా సామాను సర్దుకుని తలుపు వేసి వెళ్లిన చప్పుడు వినిపించింది. నేను తల తిప్పలేదు. బరువంతా నా మీద వేసి ఏడ్చాడు. నేను పడిపోకుండా గట్టిగా కూచున్నాను.

మే నెలలో మంచు పూర్తిగా కరిగాక మళ్లీ ఓలెసున్ మాటెత్తాను.

"ఎంతసేపు ప్రయాణం?" అన్నాడు. "అక్కడ నీకెవరున్నారు?" అన్నాడు. "ఎందుకు?" అన్నాడు.

మూడో ప్రశ్నకి ఈసారి నా దగ్గర జవాబు ఉంది.

"ఎవరూ చూడని చోట కాసేపు ఉండాలని."

తోర్గేర్ కప్పులో మిగిలిన కాఫీ తాగాడు. లేచి, అటక మీదికి నిచ్చెన వేసుకుని సంచి దింపాడు.

"అయితే ఇంకో రోజు ఉండి రా," అన్నాడు.

ఉంటానన్నాను.