మనిషికి మూడు నిమిషాలంట

మనిషికి మూడు నిమిషాలంట. ఎవురబ్బ సొత్తప్పా ఆ నిమిషాలు? తిరుపాలమ్మకు తన పేరూ ఊరూ చెప్పేకే అవి చాలవు.

పుట్టినప్పటి నుంచి ఆయమ్మ రంగుకు కర్రిది. మాటలొచ్చినప్పటి నుంచి నత్తిది. రెండూ కలిపి ఊరు ఆమెకు కర్రినత్తి అని పేరు పెట్టింది. అంగట్లో నోరు తెరిస్తే చాలు, వెనకనున్నోళ్లు ఆమె కన్నా ముందే మాట అందిచ్చి నవ్వుతారు. అందుకే ఊర్లో ఆమె నోరు తెరిసేదే తక్కువ.

ఆమె మేకలు మేపే గుట్ట మీద మాత్రం అట్ల కాదు. బయమ్మ, గంగక్క, ఆంజినమ్మ కూడా మేకలు తోలుకోని ఆడికే వస్తారు. పొద్దు గూకేదాకా ఎవురికీ తొందర లేదు. ఆమె మాట యాడ తగులుకుంటే ఆడ ఆగుతారు, వక్కాకు నములుకుంటా. ఒక్కరూ అందియ్యరు. పదేండ్లుగా తిరుపాలమ్మ కడుపునిండా మాట్లాడింది ఆ గుట్ట మీదనే.

ఇప్పుడా గుట్టను కంకర మిషన్‌కు ఇస్తారంట. జనం అభిప్రాయం వినేకి ఆఫీసరు వచ్చినాడు. ఇస్కూలు ముందర షామియానా వేసినారు. పేరు రాయించినోళ్లకు మైకులో మూడేసి నిమిషాలు, చెప్పిందంతా కెమెరాకెక్కి పైకి పోతాదంట. మిషన్ పెట్టే రాఘవేంద్ర ముందు కుర్చీలో కాలు మీద కాలేసుకోని కూచున్నాడు. లారీలు తిరుగుతాయి, పని దొరుకుతాదని మొగోళ్లంతా ఆయప్పకే వంత పాడినారు.

తిరుపాలమ్మ మైకు పట్టుకునింది. "గు... గు..."

రాఘవేంద్ర నవ్వినాడు. గుట్ట ఇచ్చేకి ఒప్పుకుంటాందిలే సార్, రాసుకోండి అన్నాడు. ఆఫీసరు నిజంగానే పెన్ను తీసినాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేండ్లు నోట్లో మాట పెరుక్కున్నారు, ఇప్పుడు గుట్ట కూడా పెరుక్కుంటారా?

"నా మాట ఎవురన్నా అం... అందిస్తే," అనింది, "మళ్లా మొ... మొదటి నుంచి చెప్తా."

ఆ ఒక్క మాటకే బెల్లు కొట్టినారు. టైమైపోయిందమ్మా, కాగితం మీద రాసిచ్చి పో అన్నాడు ఆఫీసరు. ఆమె కదల్లేదు.

బయమ్మ లేసింది. "నా పేరూ రాయించినా సార్. నా మూడు నిమిషాలు ఆయమ్మకే."

గంగక్క లేసింది. ఆంజినమ్మ లేసింది. వాళ్ల వెనక ఇంకా ఆడోళ్లు లేసినారు. అంగడి కాడ అందరి కన్నా గట్టిగా నవ్వే వెంకటలక్ష్మమ్మ కూడా లేసి అదే మాట అనింది. ఆయమ్మ మీద తిరుపాలమ్మకు కోపం తగ్గలేదు. నిమిషాలు మాత్రం తీసుకునింది.

రాఘవేంద్ర రెండుసార్లు మాట అందిచ్చినాడు. రెండుసార్లూ ఆమె మళ్లా మొదటికొచ్చింది. మూడోసారి ఆయప్పను నోరు మూసుకోమనింది ఆఫీసరే. మేత గురించి, వాగు గురించి, పక్కూర్లో మిషన్ పెట్టినాక దుమ్ము తిని సచ్చిన మేకల గురించి, ఒక్కొక్క మాటా తగులుకుంటా, ఒక్కటీ వదలకుండా చెప్పింది.

ఎండ నడినెత్తికొచ్చింది. ఆఫీసరు చెమట తుడుసుకోని, ఇంకేమన్నా ఉండాదామ్మా అని మెల్లగా అడిగినాడు.

"ఉం... ఉండాది," అనింది తిరుపాలమ్మ. మైకు వదల్లేదు.