మా అత్తగారికీ నాకూ మధ్య ఒక కంప్యూటర్

మా అత్తగారు హన్నమ్మగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడరు. అది వారి అమ్మ నాటి పద్ధతి. మధ్యలో నా భార్య సిల్వియా ఉన్నంతకాలం దానివల్ల ఇబ్బంది లేదు. "పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో కనుక్కో" అని ఆవిడ వంటింట్లోంచి అనేవారు. "సరిపోయిందని చెప్పు" అని నేను వరండాలోంచి అనేవాణ్ణి. సిల్వియా ఇద్దరి మాటలూ చేరవేసేది, దారిలో తనకు తోచినవి నాలుగు కలిపి.

2008 వేసవిలో సిల్వియా పోయింది. గుండుగొలనులోని ఆ ఇంట్లో మేమిద్దరం మిగిలాం. అత్తగారు పిల్లితో మాట్లాడడం మొదలుపెట్టారు. "అన్నం చల్లారిపోతోందే" అని పిల్లితో అంటే నేను లేచి వెళ్ళి తినాలి. పిల్లి కూడా వచ్చేది.

వానలు పడ్డాక ఒక సాయంత్రం పిల్లితోనే అన్నారు: "ఆదివారం చర్చి అయ్యాక తాడేపల్లిగూడెం వెళ్ళిపోతానే. తమ్ముడి ఇంట్లో ఉంటాను. ఇక్కడ ఇంకా నాకేం పని?"

ఆవిడ వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఆ సంగతి చెప్పే దారి తెలియలేదు. పిల్లి అటునుంచి తెచ్చేదే గాని ఇటునుంచి ఏదీ మోయదు.

ఆ వారంలోనే సింధూరి వచ్చింది. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. ఏలూరులో గది తీసుకుని, ఎరుకల భాష తెలిసినవాళ్ళ కోసం ఊళ్ళు తిరుగుతోంది. మా కులం భాష అది. బడిలో వెనకబడతానేమోనని మా అమ్మానాన్నలు నాకు తెలుగొక్కటే నేర్పారు. పెళ్ళయ్యాక సిల్వియా దగ్గర నేర్చుకున్నాను. మా వీధిలో ఇప్పుడు ఆ భాష తెలిసినవాళ్ళం అత్తగారూ నేనూ, మేమిద్దరమే.

"ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అండీ" అంది సింధూరి, లాప్‌టాప్ తెరుస్తూ. "ఇది విని నేర్చుకుంటుంది. విన్నది తెలుగు అక్షరాల్లో రాస్తుంది. భాష పోకముందే దీనికి నేర్పేయాలని మా ప్రయత్నం. విడి మాటలు చాలానే వినిపించామండి. ఇప్పుడు ఇద్దరు మాట్లాడుకుంటుంటే వినాలి. మీరూ మామ్మగారూ ఎదురెదురుగా కూర్చుంటారా సార్?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"కూర్చోం" అన్నాను. ఎందుకో చెప్పాను.

సింధూరి లేచి, వంటింటి గుమ్మంలో స్టూలు వేసి దానిమీద లాప్‌టాప్ పెట్టింది. అటొక మైకు, ఇటొక మైకు. "అయితే మీరు ఒకరితో ఒకరు మాట్లాడుకోవద్దండి. దీనితో మాట్లాడండి."

తలుపు వెనకనుంచి అత్తగారు మా భాషలో అందుకున్నారు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఏమే పెట్టే, ఆయన చొక్కాకి రెండు గుండీలు లేవు. అలాగే బడికి పోతున్నారు. పిల్లలు నవ్వరూ?"

"పెట్టెగారూ, పిల్లలు నా చొక్కా చూడరండి. గంట ఎప్పుడు కొడతారా అని చూస్తారు."

యంత్రం రాసింది. అది రాసిన మా భాషను సింధూరి తడుముకుంటూ పైకి చదివింది. చొక్కా గంట కొట్టి నవ్విందట.

తలుపు వెనక అత్తగారు నవ్వారు. వేసవి తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదలు.

"దీనికన్నా పిల్లే నయం" అన్నారు గాని, మాట ఆపలేదు. పెరట్లో కోడి కూస్తే అదీ మాటే అనుకుని యంత్రం రాసింది. అత్తగారు కోడిని తిట్టారు. ఆ తిట్టు మాత్రం తప్పులేకుండా రాసింది.

"తిట్లు తొందరగా పట్టుకుంటోందండి పెట్టెగారు" అన్నాను. "మా ఆరో తరగతి లాగే."

కాసేపటికి అత్తగారు గొంతు తగ్గించారు. "పెట్టే, ఆయన మాట్లాడుతుంటే మా సిల్వియా మాట్లాడినట్టే ఉంటుంది. ఆ సాగదీత దానిదే."



"ఆవిడ తాడేపల్లిగూడెం వెళ్ళిపోతే ఈ భాష నేను ఎవరితో మాట్లాడాలి?" అన్నాను, ఇంకా మెల్లగా.

"ఖాళీగా వదిలేసింది సార్" అంది సింధూరి, తెర చూస్తూ. "కొంచెం గట్టిగా అనండి."

మళ్ళీ అన్నాను.

"సగం వచ్చింది. ఇంకొక్కసారి సార్."

ఇంకోసారి అన్నాను.

ఈసారి అత్తగారు తెలుగులో అడిగారు. "అమ్మాయ్, మా మాటలు పూర్తిగా నేర్చుకోడానికి దీనికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఎన్నాళ్ళో కాదు మామ్మగారూ, ఆదివారానికల్లా..."

"ఆదివారమా?" అన్నాను. "ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఇంత మందకొడి విద్యార్థిని చూడలేదు. ఏళ్ళు పడుతుంది."

సింధూరి చిన్నబుచ్చుకుంది. "అలా అనకండి సార్. మా ప్రొఫెసర్‌గారు దీన్ని ఎంత మెచ్చుకున్నారో తెలుసా అండీ."

"ఏళ్ళే" అన్నాను.

"మేష్టారు చెబుతున్నారుగా అమ్మాయ్" అన్నారు అత్తగారు లోపలినుంచి. "సగం నేర్పి వదిలేస్తే ఎలా? పాపం."

తర్వాత ట్రంకు పెట్టె మూత తీసిన చప్పుడైంది. సర్దుకున్న చీరలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి.

సింధూరి మాత్రం ఏలూరు బస్సెక్కేదాకా నాతో మాట్లాడలేదు.