చర్చి వంటింట్లో చెడిన మాంసం

డిసెంబరు ఇరవై ఐదున బ్రూక్లిన్‌లో యూదులకు తోచదు. దుకాణాలన్నీ మూసేస్తారు. బంధువులంతా చైనా హోటల్లో చేరి తిని, ఆపైన సినిమాకు పోతారు. రివా లాస్కర్ మాత్రం పదకొండేళ్ళుగా ఆ రోజును ఒక చర్చి నేలమాళిగలో, ఇల్లు లేనివాళ్ళకు అన్నం పెట్టే వంటింట్లో గడుపుతూ వచ్చింది. చర్చి వాళ్ళు పండక్కి ఇళ్ళకు వెళితే, ఆ ఒక్కరోజు పని ఆమె వెళ్ళే సినగాగు, అంటే యూదుల ప్రార్థనామందిరం వాళ్ళు చూసుకునేవారు. ఏడాది మొత్తంలో ఆమెకు నచ్చిన రోజు అదే.

ఆ ఏడాది మెట్లు దిగుతుండగానే ముక్కు మూసుకుంది. వాళ్ళ నాన్న మాంసం కొట్టులో ఇరవై ఆరేళ్ళు తనే కత్తి పట్టిన మనిషి, ఆ పుల్లటి కంపు ఏమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. బల్ల మీద నాలుగు పెద్ద పళ్ళేల్లో వండిన టర్కీ కోళ్ళున్నాయి. మూత తీసి వేలితో నొక్కితే చర్మం జారిపోయి, జిగురు తీగలా సాగింది.

“మార్విన్, ఇవెక్కడివి?”

మార్విన్ గ్లుక్‌మన్ సినగాగు కమిటీ అధ్యక్షుడు. కొత్త ఏప్రన్ కట్టుకుని, ఈ సేవను ఫొటో తీయడానికి పిలిపించిన ఫొటోగ్రాఫర్‌ని ఎక్కడ నిలబడాలో అడుగుతున్నాడు.

“మా బావమరిది మొన్న పంపాడు. ఫ్రిజ్‌లో పట్టక గ్యారేజీలో హీటర్ పక్కన పెట్టాను. ఏం?”

“కుళ్ళిపోయాయి.”

“క్రిస్మస్ వంట వాసనే అంత కాబోలు. మనమెప్పుడైనా వండామా, తెలియడానికి?”

“కుళ్ళిన మాంసం ఎవరి పండక్కైనా ఒకటే కంపు. దగ్గరికొచ్చి చూడు.”

అతను రాలేదు. గొంతు తగ్గించి అన్నాడు: “గ్రేవీ కాస్త ఎక్కువ పోసి, మిరియాలు చల్లు. వీళ్ళు ఇంతకన్నా చెత్త తిని బతికినవాళ్ళే రివా. ఏం కాదులే.”

మాంసం కంపుకన్నా ఆ మాట ఆమెకు ఎక్కువ రోత పుట్టించింది. ఇరవై ఏళ్ళుగా ముందు వరసలో నిలబడి ప్రార్థన చదువుతున్న మనిషి! ఒక ముక్క పళ్ళెంలో పెట్టి అతని ముక్కు కిందికి తోసింది.

“ముందు నువ్వు తిను.”

“ఇది కోషర్ కాదుగా, మన మతం ఒప్పిన మాంసం కాదు, నేనెలా తింటాను? మన నియమం...”

“పోయిన వారం మీ అమ్మాయి విందులో మనకు కూడని రొయ్యలు నాలుగుసార్లు వడ్డించుకున్నావే, అప్పుడెటు పోయింది నీ నియమం?”

ఫొటోగ్రాఫర్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

రివా నాలుగు పళ్ళేలూ వెనక సందులోకి మోసి, చెత్త తొట్టిలో గుమ్మరించింది. మూడోది ఒంపుతుంటే నీచునీళ్ళు చేతి మీదుగా చొక్కాలోకి కారాయి. గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

హాల్లో అప్పటికే డెబ్బై మంది కూర్చున్నారు. డోహర్టీ అనే ముసలాయన అడిగాడు: “ఏమ్మా, ఆ కంపు మాకోసమేనా?”

“కాదు. గంట ఆగండి, వేరేది తెస్తాను.”

“ఆగడం మాకు కొత్తా!”

రివా పక్క వీధిలోని చైనా హోటల్‌కు పరిగెత్తింది. అక్కడ కూర్చున్నవాళ్ళంతా ఆమె సినగాగు వాళ్ళే. యజమానురాలు మిసెస్ ఫంగ్ తల పట్టుకుంది. “డెబ్బై మందికా? ఇవాళా? మీ వాళ్ళతోనే ఊపిరాడటం లేదు!”

రివా వెనక్కి తిరిగి, జరిగింది అందరికీ వినపడేలా చెప్పింది. “మీరు ఆర్డరిచ్చిన వంటకాలు చర్చికి పంపించేయండి. మీరు ఇంటికెళ్ళి బ్రెడ్డు తినండి.”

ఆమె తమ్ముడు షిమోన్ ముందు లేచాడు. పది బల్లలు ఖాళీ అయ్యాయి. పళ్ళ డాక్టర్ పెర్ల్‌మటర్ మాత్రం బాతు మాంసం పళ్ళెం తన వైపు లాక్కుని, “మాకున్నదే ఈ ఒక్కరోజు” అని గొణుగుతూ ఎముక చీకాడు. నూనె గడ్డం మీదికి కారుతోంది. రివా మొహం తిప్పుకుంది.

రెండింటికల్లా నూడుల్స్, వేపుడు అన్నం, చికెన్ అందరి ముందుకూ వచ్చాయి. డోహర్టీ ఉప్పు తక్కువైందని సణుగుతూనే మూడుసార్లు పెట్టించుకున్నాడు.

అప్పుడు మార్విన్ గరిటె పట్టుకుని ముందుకొచ్చాడు. “రా రివా, మధ్యలో నిలబడు. మన సినగాగు అంతా కలిసి చేసిన పని ఇది.”

“నీ పక్కన నిలబడితే ఇందాకటి వాంతి మళ్ళీ మొదలవుతుంది,” అంది రివా, హాలంతా వినేలా.

ఫొటో ఆమె లేకుండానే తీశారు. ఆ సాయంత్రం ఆమె చొక్కా మూడుసార్లు ఉతికి, చివరికి పారేసింది. షిమోన్ తెచ్చిన చికెన్ నోట్లో పెట్టుకోలేకపోయింది. మర్నాడు కమిటీలో సంగతి చెబితే, “అంతా బాగానే ముగిసిందిగా, వదిలెయ్” అన్నారు. ఫొటోను సినగాగు గోడకు తగిలించారు.

మరుసటి ఏడాది రివా చర్చి వాళ్ళకు సినగాగు పేరు కాక తన పేరొక్కటే ఇచ్చింది. మాంసం తనే కొని, తనే వండింది.