వెల్లకిలా పడిన కోడి

కోడి వెల్లకిలా పడింది. నేను చూశాను, ఊరంతా చూసింది. మెడ తెగిన కోడి నాలుగు గంతులు వేసి, కాళ్ళు పైకెత్తి, రొమ్ము ఆకాశం వైపు పెట్టి చచ్చింది. మా దగ్గర దాని అర్థం పిల్లలకు కూడా తెలుసు. ఈ మనిషి మంత్రగత్తె కాదు, ఇంటికి తీసుకుపొండి అని. బోర్లా పడితేనే మంత్రగత్తె.

లమిసి మోకాళ్ళ మీద నుంచి లేవబోయింది.

"కూచో," అన్నాడు తిందానా. ఈ నేలకు పూజారి ఆయనే. విత్తనం పడాలన్నా శవం దిగాలన్నా ఆయన మాటే. "కాలొకటి వంకరగా ఉంది. ఇంకో కోడిని తెండి."

రెండో కోడి బోర్లా పడింది. లమిసి మరిది యాకుబు గట్టిగా ఊపిరి వదిలాడు. వదిన కత్తి పట్టుకుని తనను తరిమినట్టు కల వచ్చిందని ఆమెను ఈడ్చుకొచ్చింది అతనే. అన్న చనిపోయాక వాగు పక్క చేను ఆమె చేతిలో ఉండటం అతనికి నిద్ర పట్టనివ్వలేదు. నిద్ర పట్టని మనిషికి కల ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు. గుంపులో శుక్రవారం మసీదుకు వెళ్ళేవాళ్ళున్నారు, ఆదివారం చర్చిలో పాడేవాళ్ళున్నారు. కోడి దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మతం.

తిందానా పెద్ద భార్య అయిషెతు గుడి కుండలోంచి సొరబుర్రతో నీళ్ళు ముంచి ఇచ్చింది. ఆ నీళ్ళు తాగినవాళ్ళు అబద్ధం చెప్పినా, మళ్ళీ ఎవరి జోలికి పోయినా, ఈ పొలిమేర దాటినా, కడుపులోని నీళ్ళే చంపేస్తాయి. లమిసి తాగింది. తాగి వాగు దాటి మా గుడిసెల్లోకి వచ్చింది.

మా గుడిసెల చుట్టూ కంచె లేదు. కాపలా లేదు. అందరం అలాగే కోడి బోర్లా పడి వచ్చినవాళ్ళమే. తిందానా చేలో విత్తేది మేము, ఆయన అన్నదమ్ముల చేలలో విత్తేది మేము, ఆయన ఎవరికి మాటిస్తే వాళ్ళకు విత్తేది మేము. మగవాళ్ళు దున్నుతారు, ఆడవాళ్ళు విత్తుతారు, అది ఇక్కడి పద్ధతి. కోత అయ్యాక చేలో మిగిలిన కంకులు ఏరుకుంటే అదే మా కూలి.

"తలాటక్కా," అంది లమిసి నాతో, వచ్చిన వారంలోనే. "ఎండాకాలంలో ఇక్కడికి ఎవరైనా వచ్చారా?"

ఆలోచించాను. ఎండాకాలంలో కోళ్ళన్నీ వెల్లకిలానే పడేవి. మొదటి వాన పడ్డాకే బోర్లా పడటం మొదలుపెట్టేవి.

"కోళ్ళకి సేద్యం బాగా తెలుసన్నమాట," అంది.

అందరం పగలబడి నవ్వాం. తరవాత ఒక్కసారిగా నవ్వు ఆగిపోయింది.

ఎన్నికలు వచ్చాయి. పార్టీ మనిషి జీపులో వచ్చి మమ్మల్ని పందిరి కింద కూర్చోబెట్టాడు.

"అమ్మలారా, మీరు ఖైదీలు కారు. గోడ ఉందా? గేటుందా? చట్టం మీ వైపే ఉంది."

"మరి కడుపులో నీళ్ళున్నాయి కదా బాబూ," అంది లమిసి. "మీ చట్టం వాటిని తోడిపోస్తుందా?"

అతను నవ్వి తిందానా వైపు చూశాడు. "నమ్మకాల విషయంలో పార్టీ వేలు పెట్టదమ్మా," అన్నాడు. తరవాత గుడిలోకి వెళ్ళి, జబ్బకు తాయెత్తు కట్టించుకుని బయటికొచ్చాడు. చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు గానీ మేం చూడనే చూశాం.

ఆ సాయంత్రమే మా మగాజియా, అంటే మా ఆడవాళ్ళ పెద్ద, అందర్నీ పిలిచింది. దగ్గుతో ఆమె మాట ముక్కలుగా వచ్చేది.

"ఆ నీళ్ళే మళ్ళీ తాగుదాం," అంది లమిసి. "విత్తనాల రోజున, ఊరంతా చూస్తుండగా. మేం ఎవర్నీ చంపలేదని చెప్పి తాగుదాం. అబద్ధమైతే చస్తాం. బతికితే వాళ్ళేం చెప్తారో చూద్దాం."

"నిజంగానే చంపి ఉంటేనో?" అంది జెనాబు. "నిద్రలో మనం ఏం చేస్తామో మనకేం తెలుసే?"

నా సవతి కొడుకు జ్వరంతో పోయాడు. వాడంటే నాకు పడేది కాదు. పడకపోవడం వల్లే పోయాడేమోనని ఇన్నేళ్ళూ నేను కుమిలిపోతూనే ఉన్నాను. మమ్మల్ని పట్టి ఉంచింది తిందానా ఒక్కడే అయితే ఎప్పుడో వెళ్ళిపోయేవాళ్ళం.

"తెలీకపోతే తెలుసుకుందాం," అంది లమిసి. "తెలీకుండా ఎన్నాళ్ళని విత్తుతాం?"

"నేను ముందు తాగుతా," అంది మగాజియా.

"నువ్వొద్దు పిన్నీ," అన్నాను. "నీ దగ్గు సంగతి చూసుకున్నావా? రేపు నువ్వు పోతే నీళ్ళే చంపాయంటారు."

"తాగకపోతే చావనా ఏంటే? పెద్దదాన్ని నేనే వెనక దాక్కుంటే, ముందుకెవత్తె వస్తుంది?"

విత్తనాల రోజున మగవాళ్ళు మొక్కజొన్న సంచులు గుడి ముందు దించారు. మేం విత్తనాల బుర్రలు నేల మీద పెట్టి, కుండ దగ్గర వరసగా నిలబడ్డాం. మగాజియా తాగింది. లమిసి తాగింది. నా వంతు వచ్చేసరికి పళ్ళు బుర్రకు టకటకా కొట్టుకున్నాయి, అయినా తాగాను. జెనాబు ఏడుస్తూ తాగింది. ఒక్కొక్కరం అదే మాట చెప్పాం, ఎవర్నీ చంపలేదని.

అప్పుడు లమిసి బుర్ర నింపి తిందానాకు అందించింది.

"నువ్వూ తాగు. నా మొదటి కోడి వెల్లకిలా పడలేదని చెప్పి తాగు."

ఆయన బుర్ర అందుకున్నాడు. నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. ఆయన మమ్మల్ని మోసం చేశాడు, కానీ నీళ్ళను మోసం చెయ్యలేడు. మా కంటే ఎక్కువగా నమ్మేది ఆయనే.

"పూజారి తాగకూడదు," అని కింద పెట్టేశాడు.

గుంపు వెనక ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది.

ఆయన తాగందే విత్తమన్నాం. నేల పదునెక్కి ఎదురు చూస్తోంది, సంచులు అలాగే ఉన్నాయి. యాకుబు వచ్చి తిట్టాడు, ఇంకొకడు వచ్చి బతిమాలాడు. మేం కదల్లేదు.

ఆ వారం తిరక్కుండానే మగాజియా చనిపోయింది.

ఊరు వాగు దాటి వచ్చింది. "నీళ్ళు పట్టుకున్నాయి," అన్న మాట గుంపంతా పాకింది. జెనాబు నా వైపు చూడకుండా విత్తనాల బుర్ర అందుకుంది. ఆమె వెనక ఇంకొందరు లేచారు. లమిసి గొంతు పోయేదాకా అరిచింది, దగ్గుతో పోయిందని. ఎవరూ వినలేదు. నిజం చెప్పాలంటే నేనూ వినలేదు. నా కడుపులో నీళ్ళు కదిలినట్టే అనిపించింది, నా చెయ్యి కూడా బుర్ర మీదికే వెళ్ళింది.

"తప్పు ఒప్పుకుని చేలోకి నడవండి," అన్నాడు తిందానా. "అప్పుడు దీన్ని పూడ్చనిస్తా. లేదంటే ఈ నేల దీన్ని ఒప్పుకోదు."

గుంపును తోసుకుంటూ అయిషెతు వచ్చింది. నెత్తి మీద గుడి కుండ. మగాజియా శవం పక్కన దాన్ని దించింది.

"ఇంటికి పో," అన్నాడు తిందానా.

"నా కడుపున పుట్టినవాళ్ళు ముగ్గురు పోయారు," అంది భర్తతో. "నువ్వు చిన్నదాన్ని తెచ్చుకున్నాక రోజూ పొద్దున్నే కోళ్ళ గూటి వైపు చూస్తున్నా, నా కోసం ఎప్పుడు కోస్తావా అని." బుర్ర ముంచింది. "నేనెవర్నీ చంపలేదు. లమిసి కోడి వెల్లకిలా పడింది, నేను పక్కనే ఉన్నా." గటగటా తాగేసి, "ఇంకెవరే?" అంది.

ఊరి ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. యాకుబు పెళ్ళాం ముందుకొచ్చింది. అతను ఆమె జబ్బ పట్టుకున్నాడు, ఆమె విదిలించుకుంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు, ఆ తరవాత నేను లెక్కపెట్టలేదు. కొందరు భయంతో తాగారు, కొందరు కసితో తాగారు.

జెనాబు విత్తనాల బుర్ర కింద పెట్టి పార అందుకుంది.

మగాజియాను చాపలో చుట్టి ఎత్తాం. ఊరి శ్మశానానికి పోలేదు. విత్తనానికని సిద్ధం చేసి ఉంచిన తిందానా చేను మధ్యకి నడిచాం. ఆయన అడ్డంగా నిలబడ్డాడు.

"నేల ఒప్పుకోదని చెప్పానా?"

"దాన్నే అడుగుదాం," అంది లమిసి.

జెనాబు మొదటి పార వేసింది. వానకు నాని ఉంది నేల, సులువుగా దిగింది.